ఒప్పజెప్పిన చదువు, చదివిన చదువు

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నేను బనగానపల్లె నవాబుల గురించో, యాగంటి గురించో, మన మామిడి గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి మీద రాయగలవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా అవుకు, కోయిలకుంట్ల వైపు పల్లెబడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లల మధ్య కూర్చున్న అయ్యవారిని. నాకు తెలిసిన చరిత్ర కూడా ఆ పిల్లలదే. మన సీమలో పసిపిల్లకు చదవడం వచ్చిందో లేదో పెద్దవాళ్లు ఎట్లా తేల్చుకునేవారు? ఆ తేల్చుకోవడంలో ఏమి చూశారు? ఏమి వదిలేశారు?

ముందుగా మూడు మాటలను విడదీసుకోవాలి. ఒకటి ఒప్పజెప్పడం. అంటే నోటికి వచ్చింది అయ్యవారి ముందు గడగడా అప్పగించడం. రెండోది అచ్చులో ఉన్న అక్షరాన్ని గుర్తుపట్టి పలకడం. మూడోది చదువులో పాలుపంచుకోవడం. పిల్ల పేజీ తిప్పుతుంది, ముందేమవుతుందో ఊహిస్తుంది, నవ్వుతుంది, "ఎందుకు సార్?" అని అడుగుతుంది. ఈ మూడింటినీ మనం "చదువు" అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. గత రెండు వందల ఏళ్లలో వచ్చిన ప్రతి పరీక్షా వీటిలో ఒకదాన్ని తూచి, మూడూ తూచాననుకుంది.

మన ప్రాంతంలో బడుల గురించి వివరంగా దొరికే తొలి లెక్క 1823 నాటిది. నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. 1822 జూన్‌లో ఆయన ప్రతి జిల్లా కలెక్టరునూ బడుల లెక్క పంపమన్నాడు. మన ఊరు అప్పుడు నవాబుల జాగీరు. పక్కనున్న బళ్ళారి జిల్లాకు కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతమంతా ఉండేది, ఆదోని, ఆలూరు కూడా ఉండేవి. కాబట్టి ఆయన రాసింది మన తాతముత్తాతల బడి గురించే అనుకోవచ్చు.

1823 ఆగస్టులో కాంప్‌బెల్ పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయి. అందులో 235 కన్నడానివి, 226 తెలుగువి, 23 మరాఠీవి, 21 పారసీవి, 4 తమిళానివి, ఒకటి ఇంగ్లీషుది. మిగిలిన 23 బ్రాహ్మణులు మాత్రమే చదివే చోట్లు. 9 లక్షల 27 వేల జనాభాలో బడికి వచ్చే పిల్లలు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది. ఈ చివరి అంకె దగ్గర నేనెప్పుడూ కొంచెంసేపు ఆగుతాను. ఎవరు బాగా చదువుతున్నారో చూడడానికి ముందు, అసలు ఎవరిని కూర్చోబెట్టారో చూడాలి. బడిలో చోటే దొరకని పిల్లలను ఏ పరీక్షా తూచలేదు.

ఆ నివేదికలో అరుగుబడి రోజు ఎట్లా మొదలయ్యేదో ఉంది. పొద్దున ఆరు గంటలకే బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. దెబ్బల సంగతి అట్లా ఉంచితే, పిల్లవాడు బడిలో ఎంత పాలుపంచుకుంటున్నాడో రోజూ గుర్తువేసి చూపిన పద్ధతి ఇది. అయితే అది కొలిచింది వేళకు రావడాన్ని. మనం హాజరుపట్టీని చూసి "పిల్లలు బాగా చదువుతున్నారు" అనుకోవడం ఆ సరస్వతి గుర్తు నాటి అలవాటే.

తర్వాత పిల్లలను వాళ్ల చదువును బట్టి జట్లుగా విడగొట్టేవారు. కింది జట్టును పైజట్టు పిల్లలు చూసుకునేవారు. చిన్నవాళ్లు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఒకరు చెబితే మిగిలినవారు అందుకొనేవారు. పిల్లలచేత పిల్లలకు చెప్పించే ఈ పద్ధతిని చూసే ఆండ్రూ బెల్ అనే పాదిరి మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర బడిలో అమలుచేసి, 1797లో ఇంగ్లండులో దానిపై పుస్తకం అచ్చువేశాడు. అక్కడ అది "మద్రాసు పద్ధతి" అనే పేరుతోనే వ్యాపించింది.

కాంప్‌బెల్ మెచ్చుకున్నదీ ఉంది, నొచ్చుకున్నదీ ఉంది. రాత తీరును, ఖర్చు తక్కువతనాన్ని, పిల్లలచేత చెప్పించడాన్ని మెచ్చుకున్నాడు. చదివే పుస్తకాల భాష గురించి మాత్రం గట్టిగా రాశాడు. పిల్లలు చదివేది పాత కావ్యభాష, అది ఇంట్లో మాట్లాడే భాషకు చాలా దూరం. పద్యాలు వందల కొద్దీ నోటికి వస్తాయి కానీ, నేర్పిన పలుకులు పలికే చిలుకకు ఎంత అర్థమవుతుందో వీళ్లకూ అంతే అని ఆయన తేల్చాడు. అంటే ఒప్పజెప్పడానికీ చదవడానికీ ఉన్న తేడాను మన సీమలో కాగితం మీద పెట్టి 200 ఏళ్లు దాటింది.

ఆయన తీర్పును పూర్తిగా ఒప్పుకోనక్కరలేదు. నోటికి పట్టడం కూడా ఒక చదువే. ఎక్కాలు, శతకాలు నోటికి వచ్చినవాడికి భాష నడక చెవిలో పడుతుంది. ఆ కాలంలో పుస్తకం అంటే తాటాకు, అది అయ్యవారి దగ్గర ఒకటే ఉండేది. పిల్లవాడు ఇంటికి మోసుకుపోగలిగిన పుస్తకం వాడి నోరే. తప్పు నోటికి పట్టించడంలో లేదు. నోటికి వచ్చింది కాబట్టి చదవడం వచ్చిందని లెక్కవేసుకోవడంలో ఉంది.

కాంప్‌బెల్ ఇంకో నిజం కూడా రాశాడు. బడులు తగ్గిపోవడానికి కారణం జనం పేదరికమని చెప్పాడు. ఇంగ్లండు బట్ట రావడంతో నేతపనివాళ్ల బతుకు దెబ్బతిన్నదని, పిల్లల చదువుకయ్యే చిన్నపాటి ఖర్చు కూడా చాలామంది పెట్టుకోలేకపోతున్నారని, ఉన్న 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వ సహాయం లేనందుకు సిగ్గుగా ఉందని రాశాడు. పిల్ల చదువులో వెనకబడితే ముందు ఇంటి పొయ్యి వైపు చూడాలని అప్పటికే తెలుసన్నమాట.

ఆ తర్వాతి అంకం ఇన్‌స్పెక్టరుది. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి, ఫలితాన్ని బట్టి బడికి డబ్బు ఇచ్చే నియమం తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాడిచేత చదివించి, రాయించి, లెక్క చేయిస్తాడు. గట్టెక్కిన ప్రతి తలకూ ఇంత అని గ్రాంటు. 1860లలోనే ఈ పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. దేశీయ బడులకు ఇదే తగినదని 1882 నాటి హంటర్ కమిషన్ కూడా చెప్పింది. వీధిబడి అయ్యవారి జీతం పిల్లవాడి నాలుక మీద ఆధారపడింది.

దీనిలో ఒక మంచి ఉంది. ఎక్కడో పల్లెలో అరుగు మీద కూర్చున్న పిల్లవాడిని ఒక్కడిగా పిలిచి "నువ్వు చదువు నాయనా" అని ప్రభుత్వం అడగడం అదే మొదలు. గుంపులో గొంతు కలిపి తప్పించుకునే వీలు లేదు. కానీ డబ్బు ముడిపడిన చోట తెలివి కూడా ముడిపడుతుంది. ఇంగ్లండులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని మొదటినుంచీ వ్యతిరేకించాడు. వాచకం మొత్తం బట్టీపట్టిస్తే చదవడం రాని పిల్ల కూడా గట్టెక్కుతుందని చెప్పాడు. చివరికి కర్జన్ కాలంలో, 1904 విద్యావిధాన తీర్మానంతో మన దేశంలో ప్రభుత్వం దీన్ని వదులుకుంది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడికి సున్నం కొట్టడం, బాగా చదివే పిల్లను ముందు వరుసలో కూర్చోబెట్టడం మాత్రం మన కాలం దాకా వచ్చాయి. మీలో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది.

కాంప్‌బెల్ ఎత్తిన భాష సమస్య ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మళ్లీ లేచింది. ఈసారి అడిగినవాడు ఉత్తర సర్కారుల్లో ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఒకటి ఎందుకుందన్న ఆయన ప్రశ్న నుంచే గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుల వ్యావహారిక భాషోద్యమం ఊపందుకుంది. పాఠ్యపుస్తకాల్లో వాడుకభాష స్థిరపడడానికి దశాబ్దాలు పట్టింది. స్థిరపడిన తర్వాత కూడా అది మన సీమ వాడుక కాలేదు.

ఇది మన పిల్లల చదువును అంచనా వేయడంలో చాలా ముఖ్యమైన సంగతి. పుస్తకంలో "వస్తున్నాడు" అని ఉంటుంది. మన పిల్ల దాన్ని చూసి "వస్తాండాడు" అని చదువుతుంది. "ఎక్కడికి" అని ఉన్నచోట "యాడికి" అంటుంది. కొత్తగా వచ్చిన అయ్యవారు దాన్ని తప్పుగా గుర్తిస్తారు. నిజానికి ఆ పిల్ల అచ్చును చూసింది, అర్థం పట్టుకుంది, తన ఇంటి మాటలోకి మార్చుకుంది. ఇంతకంటే పాలుపంచుకోవడం ఏముంటుంది? అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ అనే ఆచార్యుడు 1960లలో ఈ మాటే చెప్పాడు. పిల్లలు చదివేటప్పుడు చేసే మార్పులను తప్పుల కింద కొట్టెయ్యకండి, అవి వాళ్ల బుర్ర ఎట్లా పనిచేస్తున్నదో చూపే కిటికీలు అన్నాడు. "వస్తాండాడు" అన్న పిల్లనూ, "వస్తున్నాడు" అన్నచోట "వస్తువులు" అని చదివి ముందుకు పోయిన పిల్లనూ ఒకే గాటన కట్టకూడదు. మొదటి పిల్లకు చదవడం వచ్చింది. రెండో పిల్లకు మన సాయం కావాలి.

మన ఊళ్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ఆ ఇళ్ల పిల్ల తెలుగు మాధ్యమంలో చేరితే, అక్షరంతో పాటు మాటను కూడా నేర్చుకోవాలి. అక్షరాలన్నీ కూడబలుక్కొని స్పష్టంగా చదివి, అర్థం అడిగితే మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకున్న పెద్దలను నేను చూశాను. అదే కథను ఉర్దూలో రెండు మాటలు కలిపి చెప్పి, తర్వాత చదివిస్తే ఆ పిల్లే ముందుగా చెయ్యెత్తేది.

ఇక మన కాలం. 1948లో బనగానపల్లె సంస్థానం కర్నూలు జిల్లాలో కలిసింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పల్లెపల్లెకూ ఏకోపాధ్యాయ బడి వచ్చింది. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే అయ్యవారు. అక్కడ ఒక్కొక్కరిచేత చదివించే వీలెక్కడ? ఒక పిల్ల ముందు నిలబడి చెప్పడం, మిగిలినవాళ్లు అందుకోవడం. అరుగుబడి పద్ధతే ఇటుక గోడల మధ్యకు వచ్చింది. నాతో చదివిన ఒక మిత్రుడు రెండో తరగతి వాచకం మొదటినుంచి చివరిదాకా చెప్పేవాడు. వేలు కూడా వరుస వెంబడే కదిలేది. మూడో తరగతిలో కొత్త వాచకం ఇచ్చి మధ్యలో ఒక పేజీ తీసి చదవమన్నప్పుడు వాడి వేలు కదల్లేదు. ఆ ఏడే నాపరాళ్ల గనికి వాళ్ల నాయన వెంట పోయాడు. రెండేళ్లు వాడు బడిలో అందరికంటే గట్టిగా వినిపించినవాడు. వాడికి చదవడం రాదని ఎవరికీ తెలియలేదు.

1970ల తొలినాళ్లలో మన రాష్ట్రం చిన్న తరగతుల్లో పిల్లలను ఫెయిలు చేసి ఆపడం మానేసింది. మంచి నిర్ణయం. ఫెయిలైన పిల్ల మళ్లీ బడికి రాదు, పొలానికి పోతుంది. అయితే ఆపకూడదు అన్నదాన్ని చాలాచోట్ల అడగనక్కరలేదు అని అర్థం చేసుకున్నారు.

ఆ రోజుల్లో పిల్లలు నిజంగా చదువుతున్నారో లేదో తెలుసుకోవడానికి పరీక్ష అక్కరలేని చోటు ఒకటుండేది. చందమామ వచ్చే ఇల్లు. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జులైలో మొదలుపెట్టిన పత్రిక అది. ఒక కాపీ చుట్టూ ఆరుగురు పిల్లలు కూర్చునేవారు. అక్షరాలు వచ్చినవాడు చదువుతాడు, రానివాడు బొమ్మ చూసి ముందు కథ చెబుతాడు, ఇంకొకడు "నువ్వు ఒక వరుస దాటించినావు" అని పట్టుకుంటాడు. ఆ ఆరుగురూ చదువుతున్నట్టే. ఏ మార్కుల పట్టికలోనూ వాళ్లు లేరు.

1996లో జిల్లా ప్రాథమిక విద్యాపథకం మన రాష్ట్రంలో మొదలైన ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. బొమ్మలు, అట్టలు, ఆటపాటలు తరగతిలోకి వచ్చాయి. 2005లో ప్రథమ్ సంస్థ అసర్ సర్వే మొదలుపెట్టింది. దాని పద్ధతి చాలా తేలిక. సర్వేవాళ్లు ఇంటికే వచ్చి పిల్ల ముందు ఒక కాగితం పెడతారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్ల ఎంతవరకు చదవగలిగితే అంత. దేశంలో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది ఆ రెండో తరగతి కథను చదవలేకపోతున్నారని ఏటేటా తేలింది. గుంపు గొంతు వెనక దాగి ఉన్నది అప్పుడు బయటపడింది.

అదే 2005లో, ఫలితానికి డబ్బు అన్న పాత ఆలోచన మరో రూపంలో మన రాష్ట్రానికి తిరిగి వచ్చింది. మూడు ప్రాంతాలకూ చెందిన ఐదు జిల్లాల్లో, 500 పల్లెబడుల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు ఎంత పెరిగితే టీచర్లకు అంత బోనసు ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు మిగిలినవాళ్లకంటే భాషలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. బోనసు లేని సబ్జెక్టుల్లో కూడా మెరుగయ్యారు. నాలాంటివాళ్లు ఊహించిన బట్టీ అక్కడ కనిపించలేదని ఒప్పుకోవాలి. పరీక్ష పత్రం బయటివాళ్లు తయారుచేయడం, బట్టీకి లొంగని ప్రశ్నలు కూడా అందులో ఉండడం దానికి ఒక కారణమని నేననుకుంటాను. 1860ల పరీక్షకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానితో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. మన రాష్ట్రంలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు పెట్టారు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10 మార్కులు, రాతపనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘుపరీక్షకు 20. భాషలో మొదటి పది మార్కులకు పిల్ల ఒక పుస్తకం చదివి, దాని గురించి చెప్పాలి. రెండు వందల ఏళ్ల ఈ చరిత్రలో "నువ్వు చదువులో ఎంత పాలుపంచుకున్నావు?" అని కాగితం మీద అడిగింది అప్పుడే. ఆ జీవో చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆచరణలో ఏమైందో ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. నలభై మంది పిల్లలు, నింపాల్సిన రిజిస్టర్లు, గడువు తేదీలు. చాలాచోట్ల ఆ పది మార్కులూ అందరికీ ఎనిమిదో తొమ్మిదో పడ్డాయి. పుస్తకసమీక్షలు గైడులోంచి దిగాయి. సాధనం చెడ్డది కాదు. దానికి కావలసింది ఒక పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చునే మనిషి. అది పట్టికలో దొరకదు.

2021 జులైలో వచ్చిన నిపుణ్ భారత్ పథకం, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్ల నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. గడియారం పెట్టి చదివించడం ఉపయోగమే. కూడబలుక్కుంటూ చదివే పిల్లకు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. కానీ తెలుగు మాట పొడవు సంగతి గుర్తుంచుకోవాలి. "వెళ్లిపోతున్నారంటున్నాడు" అన్నది మనకు ఒక్క పదం. దానిలో ఇంగ్లీషువాడి నాలుగైదు పదాలు ఉన్నాయి. ఒత్తులు, గుణింతాలు వేరే. భాషను బట్టి గీత మార్చకుండా ఒకే అంకెతో తూస్తే తెలుగు పిల్ల ఊరికే వెనకబడినట్టు కనిపిస్తుంది.

మరి చిన్నపిల్ల చదువులో ఉన్నదో లేదో ఎట్లా చూడాలి? న్యూజిలాండులో మేరీ క్లే అనే విద్యావేత్త 1972లో ఇందుకోసమే ఒక చిన్న పుస్తకం చేయించింది. అందులో కొన్ని బొమ్మలు, వాక్యాలు కావాలనే తలకిందులుగా అచ్చువేశారు. పిల్ల పుస్తకాన్ని తిప్పుకుంటుందా, వింతగా చూస్తుందా, అట్లాగే చెప్పుకుంటూ పోతుందా అన్నదే పరీక్ష. నేను నా తరగతిలో పాటించింది ఇంతకంటే చిన్నది. ప్రతి పిల్లకూ నోటుపుస్తకంలో ఒక పేజీ, నెలకొకసారి ఐదు ప్రశ్నలు. పుస్తకం తనంతట తాను తీసిందా? మధ్యలో ఏదైనా అడిగిందా? తన తప్పును తానే వెనక్కి వచ్చి దిద్దుకుందా? కథను తన మాటల్లో ఇంకొకరికి చెప్పిందా? తెలియని పేజీ ఇస్తే ప్రయత్నించిందా? మార్కులు వేసేవాడిని కాదు. అవును, కాదు అని మాత్రం రాసేవాడిని. మూడు నెలలు వరసగా "కాదు"లు ఉన్న పిల్ల ఇంటికి పోయేవాడిని. అక్కడ చాలాసార్లు కారణం తెలిసేది. కళ్లు సరిగా కనపడకపోవడం, చంటిబిడ్డను చూసుకోవడం, అమ్మానాన్నలు పనికోసం వలస పోయి ముసలవ్వ దగ్గర ఉండడం.

మన సంఘం ఈ ఏడాది బడికి ఏదైనా ఇవ్వాలని అనుకుంటున్నది. బెంచీలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు, అన్నీ కావలసినవే. నేను అడిగేది మాత్రం మీ సమయం. ఊళ్లో ఉన్నవాళ్లు పదిమంది, నెలకు ఒక శనివారం, ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లల పక్కన కూర్చోండి. ఒక కథల పుస్తకం పట్టుకొని పోండి. పిల్లచేత చదివించండి, చదివి వినిపించండి, "వస్తాండాడు" అంటే దిద్దకండి. దూరాన ఉన్నవాళ్లు ఆ పుస్తకాలు కొనిపెట్టవచ్చు. ఆ ఐదు ప్రశ్నల పట్టీ నా దగ్గర ఉంది. కావలసినవాళ్లకు నకలు ఇస్తాను.